చావకుండానే తగ్గిపోయినవాళ్లు (జనాభా లెక్కల్లో మనం – 6వ భాగం)



ఈ భాగంలో వేరే విషయం రాద్దామనుకున్నాను. కానీ పోయిన వారం డిగ్రీ చదివే ఒక తమ్ముడు నాకో వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. సారాంశం ఇది: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 నుంచి 1981 మధ్య రాష్ట్ర జనాభా 23 శాతం పెరిగితే ఎస్సీల జనాభా దాదాపు 38 శాతం పెరిగింది. కింద ఒక వ్యాఖ్య: "వీళ్లు కంటూ పోతే రిజర్వేషన్ మనం మోస్తూ పోవాలా?" తమ్ముడు అడిగింది ఒక్కటే. "అన్నా, ఈ అంకె అబద్ధమే కదా?"

కాదు తమ్ముడూ. అంకె నిజమే. 1971 సెన్సస్‌లో మన రాష్ట్రంలో ఎస్సీలు 57 లక్షల 75 వేలు. 1981లో 79 లక్షల 62 వేలు. అంకె అబద్ధమని వాదిస్తే ఓడిపోతాం. ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకుని వాదించాలి. అందుకే ఈ వారం కొంచెం లెక్కలు చేద్దాం. లెక్కలంటే భయపడే వాళ్లు కూడా ఆగండి, ఇందులో మీకు తెలియనిది ఏమీ లేదు. మన తాతలు షావుకారు దగ్గర అప్పు తెచ్చిన ప్రతిసారీ ఈ లెక్క నేర్చుకున్నారు.

బారు వడ్డీ, చక్రవడ్డీ తేడా తెలుసు కదా. జనాభా పెరిగేది చక్రవడ్డీ లాగా. ఈ ఏడాది పుట్టిన ఆడపిల్ల ఇరవై ఏళ్ల తర్వాత తల్లవుతుంది, అంటే వడ్డీకి వడ్డీ పుడుతుంది. అందుకే పదేళ్ల పెరుగుదలను పదితో భాగించి "ఏడాదికి ఇంత" అనడం తప్పు. పేపర్లలో కూడా ఈ తప్పు తరచూ కనిపిస్తుంది. సరైన పద్ధతి ఇది. కొత్త అంకెను పాత అంకెతో భాగించండి. 79.62ను 57.75తో భాగిస్తే 1.379 వస్తుంది. అంటే పదేళ్లలో నూరుమంది నూట ముప్పై ఎనిమిది మంది అయ్యారు. ఇప్పుడు ఏ సంఖ్యను దానితో అదే పదిసార్లు గుణిస్తే 1.379 వస్తుందో అది కావాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే పవర్ బటన్ కనిపిస్తుంది, 1.379కి 0.1 పవర్ కొట్టండి. 1.0326 వస్తుంది. ఒకటి తీసేస్తే ఏడాదికి 3.26 శాతం. రాష్ట్రం మొత్తానికి ఇదే లెక్క చేస్తే ఏడాదికి 2.1 శాతం.

ఇంకో చిట్కా. 70ని ఆ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపవుతారో సుమారుగా తెలుస్తుంది. రాష్ట్రం 33 ఏళ్లలో, ఎస్సీలు ఇరవై ఒకటిన్నర ఏళ్లలో. ఫార్వర్డ్ రాసినవాడికి దడ పుట్టించింది ఇదే.

ఇప్పుడు ఆ 3.26ను కొంచెం అనుమానంగా చూడండి. 1971 ప్రాంతంలో దేశం మొత్తం మీద వెయ్యి మందికి ఏడాదికి సుమారు 37 పుట్టుకలు, 15 చావులు. తేడా 22, అంటే 2.2 శాతం. కేవలం కనడం వల్లే 3.26 రావాలంటే చావులు అందరితో సమానంగా ఉన్నా వెయ్యికి 47, 48 పుట్టుకలు కావాలి. కానీ మన పల్లెల్లో చావులు అందరితో సమానంగా ఉన్నాయా? డాక్టరు లేని, మంచినీళ్ల బావి లేని, కూలి దొరకని రోజు పొయ్యి వెలగని వాడలో పసిపిల్లలు ఎలా పోయేవాళ్లో మన అమ్మమ్మల్ని అడగండి. ఎంతమందిని కన్నావంటే ఒక అంకె చెబుతారు, ఎంతమంది ఉన్నారంటే ఇంకో అంకె. కాబట్టి 47 కూడా చాలదు. పక్క వీధి తల్లులకు 34, 35 ఉంటే, అదే ఊళ్లో, అదే కరువులో, అంతకన్నా తక్కువ తిండితో మన తల్లులకు 50 ఉండాలన్నమాట. నమ్మబుద్ధి కాదు. నమ్మాల్సిన పని కూడా లేదు.

ఎందుకంటే ఒక జనాభా పెరగడానికి, తరగడానికి పుస్తకాల్లో మూడు దారులు చెబుతారు: పుట్టుక, చావు, వలస. నాలుగోది ఒకటుంది. సెన్సస్ ఫారంలో గడి. మనిషి ఉన్నచోటే ఉంటాడు, పుట్టడు, చావడు, ఊరు దాటడు. గడి మారితే ఒక లెక్కలో పెరుగుతాడు, ఇంకో లెక్కలో తగ్గుతాడు.

దాని చరిత్ర చెప్పాలంటే కొంచెం వెనక్కి, కరువు దగ్గరికి వెళ్లాలి.

1871లో మద్రాసు ప్రెసిడెన్సీలో జనాభా లెక్క తీశారు, 1881లో మళ్లీ తీశారు. ఆ పదేళ్లలో ప్రెసిడెన్సీ జనాభా పెరగలేదు, ఒక శాతానికి పైగా తగ్గింది. మధ్యలో 1876-78 కరువు ఉంది, ధాత కరువు. కర్నూలు జిల్లా అయితే 9 లక్షల 60 వేల నుంచి 7 లక్షల 10 వేలకు పడిపోయింది, నాలుగో వంతుకు పైగా. ఇందాకటి సూత్రం దీనికి వేసి చూడండి. ఏడాదికి మైనస్ 3 శాతం అంటుంది. ఏదో పదేళ్లపాటు మెల్లగా, సాఫీగా జనం తగ్గినట్టు. నిజానికి ఆ చావులన్నీ దాదాపు రెండేళ్లలో జరిగాయి. సూత్రానికి రెండు చివర్లు మాత్రమే తెలుసు, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. చావుల్ని పదేళ్లకు సమానంగా పంచి పెడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఆ కరువులో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కరువు పనికి వచ్చే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. మట్టి మోసే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1871 సెన్సస్ రిపోర్టు రాసింది ఈ కార్నిషే. మనుషుల్ని లెక్కపెట్టినవాడే వాళ్లు ఎలా పోతున్నారో చూసి గొడవ చేశాడు. టెంపుల్ లాంటి వాళ్లకు జనాభా గురించి పాఠం చెప్పిన గురువు మాల్థస్. జనం ఇరవై అయిదేళ్లకు రెట్టింపవుతారు, తిండి అలా పెరగదు అని 1798లో పుస్తకం రాసి, తర్వాత ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కాలేజీలోనే ప్రొఫెసరుగా చేశాడు. "వీళ్లు కంటూ పోతారు" అనే మాటకు వయసు ఎంతో చూశారా. వాట్సాప్ కొత్తది, మాట పాతది.

అదే కరువులో ఒంగోలు దగ్గర ఇంకో సంగతి జరిగింది. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. తిండి కోసం వస్తున్నారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వరసలో కొన్ని వారాల్లోనే వేలమంది చేరారు. వాళ్లకంటే ముందు, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఆ దారి వేశాడు. చరిత్ర పుస్తకాలు క్లౌ పేరు రాసినంతగా పేరయ్య పేరు రాయవు, అది ఇంకో భాగంలో మాట్లాడుకుందాం.

ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, కృష్ణా, గోదావరి, కర్నూలు, కడప, మెదక్. మాలలు, మాదిగలు లక్షల్లో క్రైస్తవులయ్యారు. కులం పోయిందా? ఊరు వాళ్లను వేరేగా చూసిందా? చర్చి కట్టింది కూడా మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో. బావి దగ్గర, టీకొట్టు దగ్గర, పెళ్లి ఊరేగింపు దగ్గర వాళ్లు ఎప్పటిలాగే మాలలు, మాదిగలు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, షెడ్యూల్డ్ కులాల జాబితా. అందులో మూడో పేరా చెప్పింది ఇది: హిందూ మతం కాక వేరే మతం పాటించే వ్యక్తి ఎవరూ షెడ్యూల్డ్ కులానికి చెందినవారుగా పరిగణించబడరు. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని ఈ రోజుకీ చేర్చలేదు. 1985లో సూసై కేసులో, రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడ క్రైస్తవుడికి ఎస్సీలకిచ్చే బంకు ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతాన్ని, ఎస్సీ హోదాని విడదీయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కమిషన్లకు కొదవ లేదు.

ఇప్పుడు మన 1971-81 పట్టిక తీయండి. ఫార్వర్డ్ రాసినవాడు చూసిన పేజీ ఎస్సీలది. మతాల పేజీ వాడు చూడలేదు.

1971లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 18 లక్షల 23 వేలు, జనాభాలో 4.2 శాతం. 1981లో 14 లక్షల 33 వేలు, 2.7 శాతం. దాదాపు 4 లక్షల మంది తగ్గారు! ఆ పదేళ్లలో ధాత కరువు ఏమీ రాలేదు. రాష్ట్రంలో అందరూ పెరిగారు. క్రైస్తవులు మాత్రం ఏడాదికి 2.4 శాతం చొప్పున తరిగిపోయారు. చర్చిలు ఖాళీ అయ్యాయా? ఆ పదేళ్లలో మన పల్లెల్లో పెరిగిన వాళ్లెవరినైనా అడగండి, రేకుల చర్చి స్లాబు చర్చి అయిన కథలు చెబుతారు.

ఇంకో చిన్న లెక్క. 18.23 లక్షల క్రైస్తవులు రాష్ట్రంతో సమానంగా 23.1 శాతం పెరిగి ఉంటే 1981కి 22.45 లక్షలు ఉండాలి. ఉన్నది 14.33. లోటు సుమారు 8 లక్షల 10 వేలు.

57.75 లక్షల ఎస్సీలు రాష్ట్రంతో సమానంగా పెరిగి ఉంటే 71.1 లక్షలు ఉండాలి. ఉన్నది 79.62. ఎక్కువ వచ్చింది సుమారు 8 లక్షల 50 వేలు.

మొదటిసారి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసినప్పుడు నేను పెన్ను కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను. మళ్లీ వేశాను. అంతే వచ్చాయి.

ఇక్కడ తొందరపడకండి, ముఖ్యంగా స్టేజి మీద మాట్లాడే తమ్ముళ్లు. ఆ 8 లక్షలూ ఈ 8 లక్షలూ ఒకే మనుషులని ఈ లెక్క రుజువు చెయ్యదు. 1976లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అంతకుముందు ఒక కులం అదే రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో ఎస్సీ, పక్క జిల్లాల్లో కాదు, అలాంటి ప్రాంతీయ హద్దులు ఉండేవి. వాటిని తీసేశారు. దానివల్ల దేశమంతా 1981లో ఎస్సీల సంఖ్య కొంత పెరిగింది. మన దగ్గర కూడా ఆ భాగం ఉంది. రెండు అంకెలు అంత దగ్గరగా రావడంలో కొంత కాకతాళీయం ఉండొచ్చు. కానీ తర్వాతి పట్టికలు కూడా చూడండి. 1981-91లో రాష్ట్రం 24 శాతం పెరిగితే ఎస్సీలు 33, క్రైస్తవులు మైనస్ 15. 1991-2001లో రాష్ట్రం 14.6, ఎస్సీలు 16.5, క్రైస్తవులు మైనస్ 3. 2001-11లో రాష్ట్రం 11, ఎస్సీలు 12.5, క్రైస్తవులు మైనస్ 4. క్రైస్తవులు వేగంగా తగ్గిన దశాబ్దాల్లో ఎస్సీలు రాష్ట్రం కన్నా చాలా వేగంగా పెరిగారు. అక్కడ తగ్గడం దాదాపు ఆగగానే ఇక్కడ ఆ అదనపు వేగం కూడా పోయింది. కనడం వల్ల వచ్చిన పెరుగుదలైతే ఇలా మెట్టు దిగినట్టు పడిపోదు.

ఈ మెట్టు ఎలా పుడుతుందో నేను కళ్లారా చూశాను. 1991 ఫిబ్రవరి. మా ఇంటికి జనాభా లెక్కలు రాసే సారు వచ్చారు. గోడకు ఏసుప్రభువు క్యాలెండరు వేలాడుతోంది. సారు దాన్ని చూసి, నాన్నను చూసి, "మతం ఏం రాయమంటారు?" అన్నారు. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మకు చర్చి రిజిస్టరులో బైబిల్ పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరు. అమ్మే చెప్పింది: "పిల్లోళ్లు హాస్టల్లో ఉన్నారు సార్, హిందువు అనే రాయండి." సారు రాసుకున్నారు. ఆదివారం అమ్మ ఎప్పటిలాగే చర్చికి వెళ్లింది. క్రైస్తవుల లెక్కలో మా ఇంట్లో అయిదుగురం ఆరోజు తగ్గాం. ఎవరమూ చావలేదు.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట మీద కోపం కూడా రాదు ఇప్పుడు. పిల్లల హాస్టలు సీటుకి, దేవుడి పేరుకి మధ్య ఒకటి ఎంచుకోమన్నది అమ్మ కాదు, మూడో పేరా.

అలా ఎంచుకోమనకపోతే లెక్క ఎలా ఉంటుందో మహారాష్ట్ర చూపిస్తుంది. 1951లో మహారాష్ట్ర ప్రాంతంలో బౌద్ధులు 2,487 మంది. 1961లో 27,89,501. భాగిస్తే 1,121 రెట్లు పైన. పదో మూలం తీస్తే ఏడాదికి 102 శాతం, అంటే వరసగా పదేళ్లపాటు ఏటా రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ. ప్రపంచంలో ఏ తల్లులూ అలా కనలేరు. అసలు 1956 అక్టోబరు 14 దాకా ఏమీ జరగనే లేదు. ఆరోజు నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు, లక్షలమంది ఆయన వెంట నడిచారు. కర్నూలు చావుల్ని పదేళ్లకు పంచినట్టే సూత్రం ఈ నడకను కూడా పదేళ్లకు పంచేసింది. జాతీయ సగటుతో పోల్చి "బౌద్ధుల వృద్ధి రేటు" అని ఎవరైనా రాస్తే ఎంత నవ్వొస్తుందో, మన 38 శాతాన్ని కాన్పులతో కలిపి రాస్తే అంతే నవ్వు రావాలి.

బౌద్ధులైన ఆ మహర్‌లు కేంద్రం జాబితాలో ఎస్సీలు కాకుండా పోయారు. 34 ఏళ్లు అలాగే. 1990లో చట్టం మారింది. తర్వాతి ఏడాది సెన్సస్ చూడండి. మహారాష్ట్ర ఎస్సీలు 1981లో 44 లక్షల 80 వేలు, 1991లో 87 లక్షల 58 వేలు. పదేళ్లలో 95 శాతం! ఏడాదికి దాదాపు 7 శాతం. ప్రపంచంలో ఎక్కడైనా పుట్టుకల వల్ల మాత్రమే ఏడాదికి 4 శాతం దాటడం చాలా అరుదు. ఇది కలంతో పెరిగిన జనాభా. అయితే అసలు చూడాల్సింది ఎస్సీల అంకె కాదు, బౌద్ధులది. అదే పదేళ్లలో బౌద్ధులు 39 లక్షల 46 వేల నుంచి 50 లక్షల 41 వేలకు పెరిగారు, 27.7 శాతం, రాష్ట్రం పెరిగిన 25.7 శాతానికి దగ్గరగా. ఎవరూ బుద్ధుణ్ణి వదిలి రాలేదు. రెండు గడుల్లోనూ నిజం రాసుకునే హక్కు వచ్చింది కాబట్టి రెండు అంకెలూ నిలబడ్డాయి. మన దగ్గర ఒక గడిలో నిజం రాస్తే ఇంకో గడి మూసేస్తారు కాబట్టి ఒకటి ఉబ్బింది, ఒకటి కుంగింది.

ఇంతా చేసి ఈ శాతాలు దేనికి? డబ్బుకి, సీట్లకి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం ప్రకారం నిధులు జనాభా నిష్పత్తిలో కేటాయించాలి. నిష్పత్తి సెన్సస్ నుంచి వస్తుంది. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీల 15 శాతం 1970లో నిర్ణయించింది. అప్పటికి చేతిలో ఉన్న 1961 లెక్కలో దేశంలో ఎస్సీలు 14.7 శాతం. 2011లో 16.6 శాతం, 20 కోట్ల 14 లక్షల మంది. కోటా ఇంకా 15 దగ్గరే ఉంది. "మోస్తూ పోవాలా" అన్నవాడికి ఈ ఒక్క ముక్క చాలు: యాభై ఏళ్లుగా అంకె పెరిగినా మోత పెరగలేదు. ఇక ఎస్సీ అని రాయించుకోలేక, క్రైస్తవులుగానే నిలబడిన మాల మాదిగలు ఆ 16.6లో లేనే లేరు.

2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. 2027 మార్చి 1 తేదీగా కొత్త సెన్సస్ ప్రకటించారు, ఈసారి అందరి కులమూ అడుగుతారట. మధ్యలో 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం సొంతంగా సర్వే చేసి ఎస్సీలు 17.43 శాతం అని చెప్పింది. 2011 సెన్సస్‌తో దీన్ని భాగించి వృద్ధి రేటు తీస్తున్న పోస్టులు అప్పుడే చూశాను. తియ్యకండి. ఒకటి సెన్సస్, ఇంకొకటి సర్వే. అడిగినవాళ్లు వేరు, అడిగిన ప్రశ్న వేరు, గడులు వేరు. షావుకారు ఇద్దరి ఖాతాలు కలిపి వడ్డీ కట్టినట్టు ఉంటుంది.

తమ్ముడు ఆ ఫార్వర్డ్‌కి ఏమని జవాబివ్వాలని అడిగాడు. మతాల పేజీ ఫొటో పంపి, "18.23 లక్షలు 14.33 ఎలా అయ్యాయో చెప్పు" అని అడగమన్నాను. ఇంకా జవాబు రాలేదట.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ జిల్లా 1971, 1981, 1991 సెన్సస్ హ్యాండ్‌బుక్‌లు సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. ఎస్సీల పట్టిక, మతాల పట్టిక, రెండూ తీయండి. రెండు లోటు-ఎక్కువ లెక్కలూ వేసి కింద రాయండి. ఒంగోలు, గుంటూరు, కర్నూలు, మెదక్ వాళ్లు తప్పకుండా చెయ్యాలి. సరిహద్దులు మారిన జిల్లాలైతే ఆ సంగతి ముందే రాయండి, లేకపోతే నాలుగో దారి మన లెక్కలోకే వచ్చి కూర్చుంటుంది. వచ్చిన అంకెలన్నీ కలిపి ఏడో భాగంలో పెడతాను.